దుబాయ్‌కి రెండున్నర గంటలేనా?

సంపాదకుడికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వేసిన విమాన ప్రయాణాల పట్టిక గురించి ఎవరో ఒకరు రాయకపోతారా అని చూశాను. ఎవరూ రాయలేదు, మీరూ సవరణ వేయలేదు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి రెండున్నర గంటలట, తిరిగి రావడానికి అయిదు గంటలట! వచ్చేటప్పుడు దారిలో టీకి ఆపుతారు కాబోలు.

టికెట్టు మీద బయలుదేరే వేళ మన గడియారం ప్రకారం, చేరే వేళ అక్కడి గడియారం ప్రకారం ఉంటాయి. పట్టిక రాసినవారు ఒకదానిలోంచి ఇంకొకటి తీసేసి చేతులు దులుపుకున్నారు. మన కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, దుబాయ్ కాలానికి 60. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున తేడా 90 నిమిషాలు. మా జడ్చర్ల బడిపిల్లలు కాగితం కలం లేకుండా చెబుతారు ఈ లెక్క. శంషాబాద్ నుంచి దుబాయ్ గగనమార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. వెళ్లడానికి దాదాపు 4 గంటలు, రావడానికి మూడున్నర. అంత ఎత్తున గాలి ఏడాదిలో ఎక్కువ కాలం పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. కాబట్టి త్వరగా ముగిసేది తిరుగు ప్రయాణమే. మీరు సరిగ్గా తలకిందులు చేశారు.

చిన్న పొరపాటే కదా అనుకోకండి. మా వీధి కుర్రవాడొకడు పనికోసం దుబాయ్ వెళ్లాడు. తండ్రి మీ పట్టిక కత్తిరించి క్యాలెండర్ మేకుకు గుచ్చి, విమానం లేచిన వేళకు రెండున్నర గంటలు కలిపి, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వేళ దాటాక గంటన్నర పాటు ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. అహ్మదాబాద్ ప్రమాదం జనం ఇంకా మరిచిపోలేదు మరి.

పైగా దానికి ‘ప్రయాణ సమయం’ అని పేరు! విదేశీ విమానానికి మూడు గంటల ముందే రమ్మంటారు. మేమెక్కే బస్సు శంషాబాద్ మీదుగానే పోతుంది, విమానాశ్రయం వైపు మాత్రం తిరగదు. పెట్టెబేడాతో హైవే మీద దిగి, ఆటోవాడు అడిగినంత ఇచ్చుకోవాలి. విమానాశ్రయం 2008లో తెరిచారు. ఇన్నేళ్లలో పాలమూరు వాళ్లూ విమానం ఎక్కుతారన్న సంగతి ఏ అధికారికీ తట్టలేదు. గట్టిగా అడిగితే అడ్డాకుల మండలం గుడిబండ దగ్గర మనకే విమానాశ్రయం వస్తుందంటారు. సర్వేల మాట వింటూనే ఉన్నాం. ముందు ఒక బస్సును లోపలికి తిప్పమనండి చాలు.

ఒకప్పుడు పత్రికలో పడిందంటే పందెం కాసేవాళ్లం. ఇప్పుడు అంకెలు ఎక్కడి నుంచో దించుతున్నారు, చదివి చూసే నాథుడు లేడు. సవరణ వేయదలిస్తే లోపలి పేజీ అడుగున రెండు పంక్తుల్లో దాచకండి. పట్టిక ఎంత పెద్దగా వేశారో అంతే పెద్దగా, ఏ వేళ ఏ ఊరి గడియారానిదో పక్కనే రాసి వేయండి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, జడ్చర్ల