మాత్ర మానేసే వారం

నెల్లూరు

చిరంజీవి పాపకు అమ్మ దీవించి రాసేది.

మనసు జబ్బున్న కొడుకుని వెనక గదిలో పెట్టి తాళం వేసుకున్న ఆ ఇంటికి ఎట్టా వెళ్లాలని అడిగావు. ఫోన్లో తేలే సంగతి కాదు.

ఆ పిల్లవాడి కోసం వచ్చానని గుమ్మంలో అనొద్దు. తల్లికి బీపీ, షుగరు చూడటానికి వెళ్లు. కనిగిరి వైపు ఇంటింటి పరీక్షలు మామూలే కాబట్టి ఎవరూ వింతగా చూడరు. తాళం సంగతి నువ్వు ఎత్తకు. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతాడు, తిండి తింటున్నాడా, స్నానం చేస్తున్నాడా, ఎప్పట్నుంచి ఇట్టా ఉన్నాడు, ఎవరి మీదికైనా చెయ్యెత్తాడా అని అడుగు. చాలా ఇళ్లల్లో తాళం పడేది పగలే. ఇద్దరూ కూలికి పోతే చూసేవాళ్లుండరు, పిల్లాడు రోడ్డెక్కితే ఊరు రాళ్లేస్తుంది. ఆ తల్లిదండ్రుల్ని రాక్షసులనుకుని వెళితే రెండోసారి తలుపు తియ్యరు.

మాత్రలు ఉమ్మేసేవాళ్లకు నెలకో, రెండు మూడు వారాలకో ఒకటి చొప్పున వేసే డిపో ఇంజెక్షన్లున్నాయి. ఫ్లూఫెనజైన్ అలాంటిదే. ఒంగోలు జీజీహెచ్‌లో, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, సైకియాట్రిస్టు ఒకసారి చూసి మోతాదు రాస్తే తర్వాతి సూదులు మీ దగ్గరలోని పీహెచ్‌సీలో వేయించొచ్చేమో డాక్టరుతో మాట్లాడు. ఏదైనా దర్గాకో, గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలో నిద్ర చెయ్యడానికో తీసుకుపోతామంటే పోనీ. తాయెత్తు మీద తగువు పెట్టుకుంటే ఓడేది మాత్రే. కానీ గొలుసు దగ్గర మాత్రం రాజీ లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన షెడ్డు కాలిపోతే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది పారిపోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసు వెయ్యకూడదంది. ఆ మాట ఇంటివాళ్లకు గమ్మున, పక్కింటోళ్లు లేనప్పుడు చెప్పు.

ఇక మామూలుగా నీ దగ్గరికొచ్చేవాళ్లు. "మనసు బాగలేదు" అని ఎవరూ రారు. తల దిమ్ము, గుండె దడ, ఒళ్లంతా మంటలు, గ్యాసు అని వస్తారు. అదే బాధతో మూడోసారి వచ్చిన మనిషికి మళ్లీ బీ కాంప్లెక్సు ఇచ్చి పంపకు. బరువు చూడాలని లోపలికి పిలువు, అత్తగారు బయటే ఉంటుంది. రెండు వారాలుగా దిగులుగా ఉందా, ఏ పని మీదా మనసు పోవడం లేదా అని అడుగు. అవునంటే దిగులును కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం (పీహెచ్‌క్యూ-9) మొత్తం నింపు. ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 10 గానీ, అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించాలి. చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నను, లేని ఆలోచన రేపుతామేమోనని కొత్తవాళ్లు దాటేస్తారు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. మొత్తం 6 వచ్చినా సరే, తొమ్మిదోది సున్నా కాకపోతే ఆ రోజే డాక్టరుతో మాట్లాడు.

మనసు జబ్బు మందుల గురించి "ఆ మందులేస్తే మొద్దైపోతారు" అని ఊళ్లో అంటారు చూడు, అది ఊరికే పుట్టలేదు. దిగులుకు రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి మొదలుపెట్టిన వారంలో వికారం, తలనొప్పి, కాస్త కంగారు పెడతాయి. మేలు తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే మొదటి పది రోజులు మందు పెట్టే బాధే కనిపిస్తుంది, మేలు కనిపించదు. అప్పుడే మానేస్తారు, మానేసి ఆ మాట నలుగురికీ చెబుతారు. కాబట్టి చీటీ ఇచ్చిన రోజే ఇదంతా చెప్పు. తిన్నాక వేసుకోమను. నాలుగో రోజున ఒకసారి, రెండో వారంలో ఒకసారి ఆ ఇంటికి పో. కంగారు మరీ ఎక్కువైనా, చావు మాటలు మొదలైనా డాక్టరుకు వెంటనే చెప్పు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ మానాలి. ఇవి మత్తుకు అలవాటు చేసేవి కావు. అలవాటయ్యేవి నిద్రకూ కంగారుకూ వేసుకునే అల్ప్రాజోలం, క్లోనజెపాం లాంటివి. చిత్రమేమంటే ఊళ్లో ఎవరూ భయపడకుండా మింగేవి అవే.

లేని మాటలు వినపడే లాంటి జబ్బులకు ఇచ్చే హాలోపెరిడాల్ మొదలైన రెండు మూడు రోజుల్లో, ముఖ్యంగా కుర్రవాళ్లకు, మెడ ఒక పక్కకు మెలిపడి కళ్లు పైకి నిలిచిపోవచ్చు. ఇంట్లోవాళ్లు దయ్యం తిరగబడిందని వేపమండలు తెస్తారు. ప్రొమెథజైన్ సూదితో అరగంటలోపే సర్దుకుంటుంది. పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చెయ్యి.

మీ ఎండలకు నాకు ఎక్కువ భయం, మనసు ఒకప్పుడు మరీ ఉప్పొంగి ఒకప్పుడు మరీ కుంగే బైపోలార్ జబ్బుకు లిథియం వాడేవాళ్ల గురించి. రక్తంలో అది లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషమే. రోహిణి కార్తెలో చెమటకు నీళ్లూ ఉప్పూ పోతే కిడ్నీ లిథియాన్ని పట్టి ఉంచుతుంది. బీపీ అని ఉప్పు మానేసినా అంతే. మోకాళ్ల నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కున్నా, ఒంట్లో నీరు తీసే మాత్ర కలిసినా అంతే. షాపువాడికి లిథియం సంగతి చెప్పరు, సిగ్గు. అందుకని రోజువారీ మందుల చీటీలో అదీ రాసి ఇవ్వు. విరేచనాలు, చేతులు పెద్దగా వణకడం, తూలడం, మాట ముద్ద కావడం కనిపిస్తే ఆ రోజు లిథియం ఆపించి ఆసుపత్రికి పంపించు. మామూలు రోజుల్లో పరీక్షకు రక్తం రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు తియ్యాలి.

కార్తీకంలో ఇంకోటి చూస్తావు. రోజూ తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేస్తాడు. మొదటి రెండు రోజుల్లో వణుకు, ఫిట్సు రావచ్చు. మూడో రోజుకి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, స్వామి పూనాడంటారు. అది ప్రాణం తీసే స్థితి, ఆసుపత్రిలో చేర్చాల్సిందే. ముందు థయమిన్ (బీ1 విటమిన్) ఇవ్వకుండా గ్లూకోజు సీసా ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. మాల వద్దనకు, వేసుకునే ముందే వచ్చి కనపడమను.

సైకియాట్రిస్టు మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలు చేసి, మాటలతో వైద్యం చేస్తారు, మందులు రాయరు. ఇంటినీ పనినీ సర్దేది సోషల్ వర్కరు. ఎవరి దగ్గరికి ఎందుకు పంపుతున్నావో చీటీలో ఒక వాక్యం రాయి.

చావాలని పురుగుమందు తాగినవాళ్లను తెచ్చినప్పుడు, పోలీసు కేసు పెడతారన్న భయంతో "పొరపాటున తాగాడు" అంటారు, డబ్బా దాచేస్తారు. 2017 చట్టం 115వ సెక్షను ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. పోలీసులకు కబురు వెళ్తుంది, అది వేరే సంగతి. పారాక్వాట్ అనే కలుపుమందుకు విరుగుడు లేదు, కొన్నిటికి ఉంది, అందుకే డబ్బా తెమ్మని గట్టిగా చెప్పు. వాంతి చేయించొద్దు. 108 వచ్చేదాకా పక్కకు తిప్పి పడుకోబెట్టు. తిరిగి ఇంటికొచ్చాక మొదటి వారంలోనే వెళ్లి చూడు, పురుగుమందు ఎక్కడ పెట్టారో అడుగు, తాళం ఇంకొకరి చేతికి ఇప్పించు. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలిమానస్ 14416 నంబరు ఆ ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఎక్కించు. తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.

ఇట్లు
మీ అమ్మ