మూడో వైపు, నాలుగో వైపు నాకు తిరిగి ఇచ్చినవాళ్లకు

నిన్న రాత్రి పదకొండింటికి మా ఇంట్లో ఇంగ్లిషు పంక్ బృందం ది క్లాష్ పాట 'ట్రెయిన్ ఇన్ వెయిన్' మోగింది. రికార్డు చీలిపోయిన సరిగ్గా ఐదు వారాల తర్వాత. దానికి కారణమైనవాళ్లకి ఫోన్లో చెప్పాల్సింది చెప్పాను కానీ నా మనసు నిండలేదు. నలుగురిలో చెప్పాలని ఇది రాస్తున్నాను.

పోయిన నెల ఇల్లు మారాం. హడావుడిలో నా రికార్డుల పెట్టె మీద గ్రైండరు పెట్టాం. కొత్త ఇంట్లో విప్పి చూస్తే 'లండన్ కాలింగ్' రెండో రికార్డు అంచు నుంచి మధ్య లేబుల్ దాకా చీలిపోయింది. అది ది క్లాష్ వాళ్ల రెండు రికార్డుల ఆల్బమ్. మొదటిదానికి గీత కూడా పడలేదు. మూడో వైపు, నాలుగో వైపు ఉన్న రెండోది పోయింది. నేను సామాన్ల మధ్య కూర్చుని ఏడ్చాను.

ఫోన్లో వినొచ్చు కదా అని చాలామంది ప్రేమగానే అడిగారు. వినొచ్చు. వింటాను కూడా. కానీ నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను తెనాలి నుంచి 2006లో నర్సుగా లండన్ వచ్చాను. నైట్ డ్యూటీలో మాతో పనిచేసే ఒక పెద్దాయన టీ గదిలో ఈ పాటలు పెట్టేవాడు. ముందు ఏమీ అర్థం కాలేదు. పంక్ అంటే అరుపులే అనుకునేదాన్ని. ఇందులో అరుపులున్నాయి, కానీ జమైకా వాళ్ల రెగే ఉంది, స్కా ఉంది, జాజ్ ఉంది, యాభైల నాటి రాక్ అండ్ రోల్ ఉంది. ది క్లాష్ వాళ్లు లండన్‌లోని పిమ్లికోలో ఒక గ్యారేజీ వెనక గదిలో నెలల తరబడి సాధన చేసి, 1979లో హైబరీలోని వెసెక్స్ స్టూడియోలో రికార్డు చేశారు. నిర్మాత గై స్టీవెన్స్ వాళ్లు వాయిస్తుంటే వాళ్ల మధ్యే కుర్చీలు విసిరేవాడట! ఆ ఊపు పాటల్లో వినిపిస్తుంది. మొత్తం 19 పాటలు. రెండు రికార్డులైనా ఒకదాని ధరకే అమ్మాలని కంపెనీతో పట్టుబట్టారు. జేబులో డబ్బుల్లేని పిల్లలు కొనుక్కోవాలని అంత పట్టుబట్టినవాళ్ల మీద నాకున్నది అభిమానం అంటే సరిపోదు, గౌరవం.

2008లో పాత రికార్డుల కొట్లో నాది కొన్నాను, 1979 నాటి అచ్చు. అట్ట మీద ఆ బృందంలోని పాల్ సిమోనన్ న్యూయార్క్ పల్లాడియం హాల్లో తన బేస్ గిటారును నేలకేసి బాదుతున్న ఫొటో. తీసిన పెనీ స్మిత్‌కి అది అట్ట మీద వేయడం ఇష్టం లేదు, మసగ్గా వచ్చిందని. ఆ మసకే దానికి ప్రాణం అంటాను నేను. విరిగిన ఆ గిటారును తర్వాత లండన్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో చూశాను. ముక్కలు ముక్కలుగానే ఉంచారు, అతికించలేదు.

మా నాన్న వయసులో ఉన్నప్పుడు ప్రజానాట్యమండలి దళంలో డప్పు కొట్టి పాడినవాడు. 2014లో ఇక్కడికి వచ్చినప్పుడు 'స్పానిష్ బాంబ్స్' వినిపించాను. స్పెయిన్ అంతర్యుద్ధం మీద పాట అని, అందులో లోర్కా పేరు వస్తుందని చెప్పాను. నాన్న లేచి కూర్చున్నాడు. 1936లో చంపేశారు కదే ఆ కవిని, అన్నాడు. మళ్లీ వేయమన్నాడు. మూడోసారి విన్నాక, "వీళ్లూ మనవాళ్లేనే అమ్మాయ్" అన్నాడు. ఇంగ్లిషు పాట ఒక్కటీ ఎప్పుడూ వినని మనిషి.

2020 మే నెలలో నాన్న పోయాడు. విమానాలు లేవు. కడసారి చూపు ఫోన్లోనే. ఆ రాత్రి వార్డు నుంచి వచ్చి నాలుగో వైపు పెట్టుకున్నాను. 'ఐయామ్ నాట్ డౌన్' అని ఆ బృందంలోని మిక్ జోన్స్ పాడతాడు. తెల్లారేదాకా అదే వైపు, ముల్లు తీసి మళ్లీ మొదట్లో పెట్టడం, అంతే. చీలిపోయిన రికార్డు అదీ.

ఇప్పుడు అసలు మాట.

రికార్డు చీలిపోయిందని నేను పెట్టిన నాలుగు లైన్ల పోస్టు చూసి లండన్‌కి దగ్గర్లోని రెడింగ్‌లో ఉండే అక్క ఫోన్ చేసింది. అంతకుముందు మాకు పరిచయమే లేదు. తమ ఊళ్లో శనివారం సంతలో పాత రికార్డులు అమ్మే ఒక తాతగారున్నాడు, జత పోయిన రికార్డులు విడిగా ఒక పెట్టెలో ఉంచుతాడు, వెతుకుతానంది. రెండు శనివారాలు వానలో వెళ్లి వెతికింది. పెట్టెలో లేదు. అడిగితే మూడో వారం ఆయనే ఇంటి నుంచి తెచ్చాడు. 1979 క్రిస్మస్‌కి కొనుక్కున్నాడట. మొదటి రికార్డు, అట్ట ఒక స్నేహితుడు తీసుకెళ్లి తిరిగివ్వలేదు. రెండోదాన్ని ఇన్నేళ్లూ తెల్ల కాగితం కవరులో దాచుకున్నాడు. ఎవరికి కావాలి అని అడిగితే అక్క మా నాన్న సంగతి చెప్పింది. డబ్బు తీసుకోలేదు. "దీనికి ఇన్నాళ్లకి జత దొరికింది" అన్నాడట. వచ్చే శనివారం సెలవు పెట్టాను, ఆయన్ని చూడ్డానికి వెళ్తున్నాను. ఇంట్లో చేసిన సున్నుండలు తీసుకెళ్తున్నాను.

దాన్ని లండన్ తెచ్చింది రెడింగ్‌లో చదువుకుంటున్న మన కడప తమ్ముడు. సామాన్ల అరలో పెట్టకుండా దారి పొడుగునా ఒళ్లో పెట్టుకున్నాడు. అన్నం తిని వెళ్లరా అంటే పరీక్ష ఉందక్కా అని గుమ్మంలోంచే వెళ్లిపోయాడు. తమ్ముడూ, నీకో భోజనం నేను బాకీ.

ఇక హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో గంటసేపు కూర్చున్న అన్నయ్య. నలభై ఏళ్ల దుమ్ము ఎలా తీయాలో, మెత్తటి గుడ్డతో గాడి వెంటే గుండ్రంగా తుడవాలి తప్ప అడ్డంగా తుడవకూడదని, ఆరేదాకా ముల్లు దించకూడదని దగ్గరుండి చేయించారు. అప్పటికి మీకు తెల్లవారుజామున మూడున్నర, అన్నయ్యా. ఒక్క ఆవులింత కూడా వినిపించనివ్వలేదు.

అక్కా, తాతగారూ, తమ్ముడూ, అన్నయ్యా, మీ అందరికీ రెండు చేతులా దణ్ణం.

తుడుస్తున్నప్పుడు నాలుగో వైపు చివర, పాటలు అయిపోయాక నున్నగా ఉండే చోట టార్చి వేసి చూశాను. 'ట్రెయిన్ ఇన్ వెయిన్' చివరి నిమిషంలో చేర్చిన పాట. అప్పటికే అట్టలు అచ్చయిపోవడంతో వాటి మీద 18 పేర్లే ఉంటాయి. ఈ పాట పేరు రికార్డు మీదే గీశారు. చీలిపోయినదాంట్లో ఆ గీతలు నాకు కంఠతా. దీంట్లోనూ అక్కడే ఉన్నాయి, సన్నగా, కొంచెం వంకరగా.

మా ఆయన నిద్ర లేచి వచ్చి, సౌండు తగ్గించమంటాడేమో అనుకున్నాను. పక్కన కూర్చుని, మొదటి నుంచి వెయ్యి అన్నాడు.