లైఫ్ జాకెట్ రేవులోనే తొడగండి

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులు, ఆ వెంటనే కార్తీక వనభోజనాలు. పాపికొండలు, భవానీ ద్వీపం, నాగార్జునసాగర్, లక్నవరం, దిండి... ఈ రెండు నెలల్లో మన పిల్లల్లో చాలామంది ఎక్కడో ఒకచోట బోటు ఎక్కుతారు. వెళ్లొద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. తప్పకుండా వెళ్లండి, పిల్లలకు నది చూపించండి. కాకపోతే రేవు దగ్గర ఒక ఐదు నిమిషాలు ఆగండి.

ముందు లైఫ్ జాకెట్ సంగతి. సీటు కింద పేర్చినవీ, పైకప్పుకు వేలాడదీసినవీ లెక్కలోకి రావు. బోటు ఒరగడం మొదలయ్యాక తిరగబడడానికి ఒక్కోసారి నిమిషం కూడా పట్టదు. ఆ తొక్కిసలాటలో పిల్లకు జాకెట్ తొడిగి బకిల్స్ పెట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి నేల మీద ఉండగానే తొడగాలి, మళ్లీ నేల మీద కాలు పెట్టాకే విప్పాలి. ఉక్కపోస్తోందనీ, భోజనాల వేళైందనీ, ఫొటోలో బాగోదనీ మధ్యలో విప్పనివ్వకండి.

సైజు చూసేది వయసును బట్టి కాదు, బరువును బట్టి. ఎన్ని కిలోల వారికో జాకెట్ లోపలి చీటీ మీద రాసి ఉంటుంది. చిన్నపిల్లలకైతే మెడ వెనక దిండులాంటి కాలరు, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే అడగండి. పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే, నీళ్లలో పడగానే అందులోని ఫోమ్ పైకి లేస్తుంది, పిల్ల కిందికి దిగుతుంది. జాకెట్ ముఖానికి అడ్డం పడుతుంది. భయంతో చేతులు పైకెత్తిందా, అందులోంచి జారిపోతుంది.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలికే. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించి, పిల్లను చేతులు పైకెత్తమనండి. భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగండి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే వదులన్నమాట. ఇంకా బిగించండి. అప్పటికీ వస్తే చిన్న సైజు అడగండి. లేదంటే ఆ బోటు ఎక్కించకండి. ‘ఏం కాదండీ, అరగంటేగా’ అంటే మొహమాటపడకండి.

పట్టీలను కుట్టు దగ్గర గుంజి చూడండి. ఎండకు వెలిసి పీచుపీచుగా అయిన దారం అవసరానికి తెగుతుంది. ఫోమ్‌ను బొటనవేలితో నొక్కి వదిలితే మళ్లీ పొంగాలి. మెత్తలా వేసుకుని కూర్చునే జాకెట్లలో ఫోమ్ అణిగిపోయి, తేల్చే బలం తగ్గుతుంది. గాలి ఊదే చేతి ట్యూబులు లైఫ్ జాకెట్‌కు బదులు కావు.

ఇక నది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పుడు గోదావరిలో ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్లు). దిగువన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 11.75 అడుగులకు చేరాకే, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులకు. హెచ్చరిక లేదు కాబట్టి భయం లేదనుకోవడం తప్పని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. కొండల మధ్య నది ఇరుకు, లోతెక్కువ. ఆ వరదకే సుళ్లు లేస్తాయి. దసరాకు నీళ్లు ఎర్రగా ఉండి, కొమ్మలూ దుంగలూ కొట్టుకొస్తుంటే పాపికొండల యాత్ర సంక్రాంతికి వాయిదా వేసుకోండి.

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం, కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర తిరగబడిన బోటులో పట్టే మందికన్నా ఎక్కువ మందిని ఎక్కించారు. ఎంతమందికి అనుమతో బోటు మీద రాసి ఉందేమో చూడండి, చంటిపిల్లలను కూడా కలిపి లెక్కపెట్టండి. అంకె సరిపోయినా సరే, అందరూ ఫొటోల కోసం ఒకే పక్కకు వస్తేనో, పై అంతస్తుకు ఎక్కితేనో బోటు ఒరుగుతుంది. అడుగున నీళ్లు చేరి ఉంటే అవి కూడా ఒరిగిన వైపే పారి ఇంకా ముంచుతాయి. పిల్లలతో కింది క్యాబిన్‌లో కాకుండా, బయటికి దారి ఉన్నచోట కూర్చోండి. చున్నీలు, పైట కొంగులు నడుముకు దోపుకోండి.

నీళ్లలో పడితే ఒడ్డు దాకా ఈదాలని చూడొద్దని పిల్లలకు నేర్పండి. వెల్లకిలా వాలి, మోకాళ్లు కాస్త పొట్టవైపు ముడుచుకుని, జాకెట్‌ను రెండు చేతులతో హత్తుకోవాలి. బోటు తిరగబడినా తేలుతూ ఉంటే దాన్నే పట్టుకోవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకండి. తాడో, పొడవాటి గడో అందించండి. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యాన్ విసిరినా మనిషిని తేలుస్తుంది.

బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించకండి, తలకిందులుగా తిప్పకండి. కడుపులోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లోకి 5 సార్లు ఊదండి. అప్పటికీ చలనం లేకపోతే రొమ్ము మధ్యలో 30 సార్లు వేగంగా నొక్కి 2 సార్లు ఊదండి. 108 వచ్చేదాకా ఇలాగే చేస్తూ ఉండండి. కోలుకుని కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

ఈ శనివారం ఉదయం 10 గంటలకు బడి మైదానంలో మూడు సైజుల లైఫ్ జాకెట్లు ఉంచుతున్నాం. వచ్చి మీ చేతులతో మీ పిల్లలకు తొడిగి, భుజాలు పట్టి లాగి చూడండి. పిల్లల బరువు కిలోల్లో డైరీ చివరి పేజీలో రాసి శుక్రవారంలోగా పంపండి.

ప్రధానోపాధ్యాయురాలు