తడి మట్టిలో వాడిన మొక్క

నార్పల,
అనంతపురం జిల్లా

తల్లీ,

రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నా. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. మనీ ప్లాంట్ ఆకులు పసుపెక్కి వేలాడుతున్నాయి, కుండీలో మట్టి మాత్రం నల్లగా తడిసి ఉంది. వాడిందని రోజూ నీళ్ళు పోస్తున్నానన్నావు. అది దాహం కాదమ్మా, వేరుకుళ్ళు.

తప్పు చేశానని బాధపడొద్దు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది. మీ జేజి బిందె నీళ్ళకు ఎంత దూరం నడిచిందో వింటూ పెరిగావు. నీళ్ళు ఎక్కువై మొక్క చస్తుందంటే మన దగ్గర ఎవరు నమ్ముతారు? నేనూ నమ్మలేదు. చీనీ (బత్తాయి) తోట పెట్టిన కొత్తలో మొదలు చుట్టూనే పాదు చేసి, బోరు నీళ్ళు నిండుగా పెట్టేవాణ్ణి. ఆకు పసుపెక్కితే ఇంకో తడి ఇచ్చేవాణ్ణి. చెట్టు మొదలు దగ్గర బెరడు చీలి బంక కారింది. తవ్వి చూస్తే వేర్ల తోలు చేతికి ఊడొచ్చింది. పదకొండు చెట్లు పోయాయి. ఆ రోజు గట్టు మీద కూర్చుని నేనూ ఏడ్చాను, మీ అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తర్వాత మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, నీళ్ళు బయటి పాదులోనే పారేలా డబుల్ రింగ్ చేశాం. మిగిలినవి నిలిచాయి.

వేరుకు నీళ్ళతో పాటు గాలి కూడా కావాలి. మట్టి సందుల్లో నీళ్ళే నిలిస్తే ఊపిరాడక వేరు చస్తుంది, దాన్ని బూజు తెగులు పట్టుకుంటుంది. కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు. అందుకే తడిలో ఉండి కూడా ఆకు వాడుతుంది.

ఈ రోజే మొక్కను కుండీలోంచి తీయి. వేర్లు కుళాయి కింద మెల్లగా కడుగు. తెల్లగా, గట్టిగా ఉన్నవి మంచివి. గోధుమ రంగులో మెత్తగా ఉండి, లాగితే తోలు ఊడి దారం మిగిలేవి పోయినవి. కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, మంచి వేరు కనిపించేదాకా కోసెయ్. జాలిపడి కుళ్ళు కొంచెం కూడా వదలొద్దు. పాత మట్టి పారెయ్, కుండీని సబ్బుతో కడుగు. అడుగున రంధ్రం లేకపోతే ఆ కుండీయే వద్దు. ఎర్రమట్టి, ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి, వేర్లకు సరిపడే చిన్న కుండీలో నాటు. పెద్ద కుండీలో తడి త్వరగా ఆరదు. వెలుతురు తగిలే నీడలో పెట్టు. కొత్త ఆకు వచ్చేదాకా ఎరువు వెయ్యకు.

ఇక నీళ్ళు. వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చు, మట్టి పొడిగా తగిలితేనే నీళ్ళు పోయ్. బెంగళూరు ముసురుకు మట్టి మన ఊళ్ళోలా ఆరదు, రోజులు లెక్కపెట్టి పోయొద్దు.

వేర్లన్నీ పోయినా భయపడకు. తీగలో గట్టిగా, పచ్చగా ఉన్న ముక్కను కణుపు కిందికి కోసి, ఆ కణుపు మునిగేలా గాజు గ్లాసులో నీళ్ళలో పెట్టు. రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చు. కొన్ని వారాల్లో కణుపు దగ్గర తెల్లటి వేరు వస్తుంది. అది మీ జేజి చేత్తో నాటిన తీగ ముక్క, నీకెంత ప్రాణమో నాకు తెలుసు. దాని తల్లితీగ ఇక్కడ వరండా స్తంభానికి అల్లుకుని బాగానే ఉంది.

కడిగిన వేర్ల ఫోటో సాయంత్రానికి పంపు. ఎంతవరకు కోయాలో నేను చూసి చెప్తా.

మీ నాన్న