డిశ్చార్జి కాగితంలో బరువు రాయండి

సంపాదకులకు,

గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టిన రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలన్నది వైద్యులు తేల్చవలసిన విషయమే అయినా, మా పల్లెల్లో ఆ నిర్ణయం తరచుగా మందుల దుకాణం గల్లా దగ్గరే జరిగిపోతున్నది. పరకాల దగ్గరి ఊళ్లో ఉండే మా అన్నయ్య హార్ట్ ఫెయిల్యూర్‌కు ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ గోలీ రోజూ 40 మిల్లీగ్రాములు వేసుకునేవారు. మొన్న నాట్లప్పుడు మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ పది రోజులు మింగారు. ఇలాంటి నొప్పి గోలీలు ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలిపివేస్తాయని, నీరు తీసే మందు పనికి అడ్డుపడతాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాళ్లు ఉబ్బాయి, పడుకుంటే ఆయాసం వచ్చి, రాత్రంతా కూర్చునే తెల్లవారజేసేవారు. దుకాణంలో అడిగితే అదే గోలీ రెండు వేసుకోమన్నారు. వేసుకున్నా ఒంటేలు పెరగలేదు.

వరంగల్‌లోని ఒక ఆసుపత్రిలో చేర్చాక అసలు సంగతి తెలిసింది. నీరు పట్టినప్పుడు పేగులు కూడా ఉబ్బుతాయి గనుక మింగిన గోలీ సరిగా ఒంటికి పట్టదు. అందుకని అదే మందును నరానికి ఇచ్చారు, ఆ పూటే ఒంటేలు ధారాళమైంది. ఇంటికి పంపేటప్పుడు నీరు తీసే మరో గోలీ టోర్సెమైడ్ 20 మిల్లీగ్రాములకు మార్చారు. ఇది ఫ్యూరోసెమైడ్ 40కి సాటి, పేగుల నుంచి మరింత నిలకడగా ఒంటికెక్కుతుంది. కొత్త గోలీతో అన్నయ్య ఆయుష్షు పెరుగుతుందని నేను మురిసిపోయాను గాని, అమెరికాలో ఈ రెండింటినీ పోల్చి చూసి 2023లో ప్రకటించిన పరిశోధన మరణాల్లో తేడా లేదనే తేల్చింది. గుండె పంపింగ్ తగ్గినవారికి ఆయుష్షును నిలిపేవి ఆ డిశ్చార్జి చీటీలోనే కింద రాసి ఉన్న బీటా బ్లాకర్, స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి. ఆయాసం తగ్గగానే జనం ముందుగా మానేసేదీ వాటినే. డాపాగ్లిఫ్లోజిన్‌కు జనరిక్ గోలీలు వచ్చి ధర బాగా దిగింది గనుక, ఖర్చు సాకు కూడా ఇప్పుడు అంతగా నిలవదు. స్పైరోనోలాక్టోన్ వాడేవారికి మాత్రం రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు తప్పవు.

నా ఫిర్యాదు చికిత్స గురించి కాదు, చేతికిచ్చిన కాగితం గురించి. నాలుగు పేజీల ఇంగ్లిషులో ఎకో (గుండె స్కానింగ్) వివరాలన్నీ ఉన్నాయి. నీరు దిగాక అన్నయ్య బరువెంతో మాత్రం లేదు. ఆ అంకె లేకుంటే నీరు మళ్లీ చేరుతున్నదని ఇంట్లోవాళ్లు దేనితో పోల్చి తెలుసుకోవాలి? ఇప్పుడు ఆయన రోజూ పొద్దున ఒంటేలు పోసుకుని, ఏమీ తినకముందే, వడ్లు తూచే కాటా ఎక్కుతున్నారు.

మన జిల్లాల ఆసుపత్రులు ఆ కాగితం మీద తెలుగులో మూడు వాక్యాలు చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను: ఇంటికి పంపిన నాటి బరువు, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి, వైద్యుణ్ణి అడగకుండా ఏ నొప్పి గోలీలు ముట్టరాదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ