ఎండకు ఓర్చుకునే హెల్మెట్‌ను ఎలా ఎంచుకోవాలో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

హెల్మెట్ లేక ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్త మీ జిల్లా పేజీలో తరచుగా చదువుతూనే ఉన్నాను. చదివిన ప్రతిసారీ, ఇంట్లో హెల్మెట్ ఉండి కూడా ఆ మనిషి ఎందుకు పెట్టుకోలేదన్న ప్రశ్న నన్ను వదలదు. మా పల్నాడులో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు ఎండే. ఆ జవాబును సాకుగా కొట్టిపారేయకుండా ఆలోచించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

విత్తనాల కంపెనీ ప్రతినిధిగా నేను పద్నాలుగేళ్లుగా నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల దాకా బైకు మీదే తిరుగుతున్నాను. ఖరీఫ్ విత్తనాలు దుకాణాలకు చేరవలసింది రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనే కనుక, నడి ఎండలో ప్రయాణం మాకు తప్పదు. చెమట కనుబొమల మీదుగా కళ్లలోకి కారడం, స్పాంజి తడిసి పుల్లటి వాసన రావడం, రైల్వే గేటు దగ్గర బండి ఆపగానే మాడు ఉడికిపోవడం నాకు అనుభవమే. నాలుగేళ్ల కిందట ఇలాంటి మధ్యాహ్నమే, వేడికి తాళలేక హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకున్న మా బావమరిది, గురజాల దాటాక కంకర మీద జారి పడ్డాడు. బతికి బయటపడ్డాడు కానీ ఎడమ చెవి వినికిడి పోయింది. బండితోపాటు పడిన ఆ హెల్మెట్‌కు చిన్న గీత తప్ప ఏమీ కాలేదు.

ఆ హెల్మెట్‌ను ఇంటికి తెచ్చి లోపలి మెత్తలన్నీ ఊడదీసి చూశాను. నుదుటి మీద గాలి కోసం పెట్టినట్టు కనిపించే రెండు ప్లాస్టిక్ జల్లెడలు బయటి డొప్పకు అంటించినవే. వాటి వెనక రంధ్రమే లేదు. వెనక వైపు గాలి బయటికి పోయే దారీ లేదు. అంటే అతను ఇన్నాళ్లూ నల్లటి మూత వేసిన గిన్నెలో తల పెట్టుకుని తిరిగాడన్నమాట. రోడ్డు పక్కన కొన్న ఆ సరుకు మీద ఐఎస్ఐ గుర్తు స్టిక్కర్ రూపంలో ఉంది గానీ, దాని కింద లైసెన్సు సంఖ్య లేదు.

మంచి హెల్మెట్‌లో నుదుటి దగ్గర, గడ్డం దగ్గర ఉన్న రంధ్రాల నుంచి వచ్చిన గాలి థర్మకోల్‌లో చెక్కిన గాడుల వెంట తల మీదుగా పారి, వెనక రంధ్రాల గుండా బయటికి పోతుంది. చెమట ఆరేది ఆ పారుదల వల్లే. కాబట్టి కొనేటప్పుడు పై మెరుపు చూడకుండా మెత్తను కాస్త పక్కకు లాగి, రంధ్రం థర్మకోల్‌ను దాటి లోపలికి వచ్చిందో లేదో వెలుతురుకు ఎత్తి చూడాలి. ఉన్న హెల్మెట్‌కే డ్రిల్లుతో రంధ్రాలు పెట్టించుకున్నవారినీ చూశాను. దయచేసి ఆ పని చేయకండి. దెబ్బ తగిలినప్పుడు నలిగి ఆ ఊపును తనలోకి తీసుకునేది ఆ థర్మకోలే.

వేసవిలో చాలామంది సగం తల మాత్రమే కప్పే టోపీ లాంటి దాన్ని ఎంచుకుంటారు. ముఖానికి గాలి తగులుతుందన్నది నిజమే, కానీ పడినప్పుడు రోడ్డుకు ముందుగా తగిలేది దవడో గడ్డమో కూడా కావచ్చు. పైగా పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర దుమ్ము కళ్లలో పడితే ఎంత ప్రమాదమో ఆ దారిన పోయేవారికి చెప్పనక్కరలేదు. గడ్డం దగ్గర గాలి దారి ఉన్న, ముఖమంతా కప్పే హెల్మెట్‌నే నేను ఎంచుకున్నాను; బండి ఆగినప్పుడల్లా అద్దం పైకెత్తుతాను. ముందు భాగాన్ని పైకి ఎత్తగలిగే రకం కూడా ఉంది గానీ, అది సాధారణంగా కొంత బరువు ఎక్కువ.

బరువు చిన్న విషయం కాదు. మన వాతావరణానికి తగిన తేలికైన హెల్మెట్లు ఉండాలని సుప్రీంకోర్టు రహదారి భద్రతా కమిటీ ఆదేశాల మేరకు ఏర్పడిన మరో కమిటీ 2018 మార్చిలోనే సిఫారసు చేసింది. అందులో ఎయిమ్స్ వైద్యులు కూడా ఉన్నారు. ఇక రంగు విషయానికి వస్తే, నలుపు ఎండను పీల్చుకుంటుందని అందరికీ తెలిసిందే. తెలుపు వల్ల మరో మేలు కూడా ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ ప్రాంతంలో జరిగి, 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన పరిశోధనలో, నల్ల హెల్మెట్ ధరించినవారికంటే తెల్లది ధరించినవారికి ప్రమాదంలో గాయపడే ముప్పు 24 శాతం తక్కువగా కనిపించింది. ఎదుటివారి కంటికి త్వరగా ఆనడం అందుకు కారణం కావచ్చు. అయినా మా ఊరి దుకాణాల్లో తెల్లది అడిగితే మాసిపోతుందని చెప్పి నల్లదే చేతిలో పెడుతున్నారు.

కొలత సంగతి మరీ నిర్లక్ష్యానికి గురవుతోంది. కనుబొమలకు కాస్త పైన తల చుట్టూ టేపు తిప్పి సెంటీమీటర్లలో కొలుచుకుని, ఆ కొలతకు సరిపడేది తలకు పెట్టి పది నిమిషాలు ఉంచి చూడాలి. కణతల దగ్గర నొప్పి పుడితే అది ఎండలో అరగంట కూడా భరించలేనిదే. చెమట కోసం లోపల పలచని నూలు గుడ్డ కట్టుకునేవారు, ఆ గుడ్డ కట్టుకునే పెట్టి చూడాలి. మందపాటి తువ్వాలు చుడితే హెల్మెట్ తల మీద నిలవదు. మెత్తలు ఊడదీసి ఉతుక్కునేలా ఉండడం మా వంటివారికి అలంకారం కాదు, అవసరం. నేను రెండు రోజులకోసారి సబ్బు నీళ్లలో ఉతికి నీడలో ఆరేస్తాను.

ద్విచక్ర వాహన హెల్మెట్లకు ఐఎస్ 4151 ప్రమాణం 2021 జూన్ 1 నుంచి తప్పనిసరి. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అక్షరాలతో ఉండే లైసెన్సు సంఖ్యను, ఆ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. అర నిమిషం కూడా పట్టదు. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై అనర్హత ఉంటాయని అందరికీ తెలుసు గానీ, పట్టీ బిగించుకుంటేనే అది చట్టం దృష్టిలో హెల్మెట్ అన్న సంగతి చాలామందికి తెలియదు. ఉక్కకు పట్టీ వదులు చేసుకునేవారిని రోజూ చూస్తున్నాను.

అందుచేత నా విన్నపాలు మూడు. వడగాడ్పులు మొదలయ్యే మార్చి నెలాఖరులోనే మీ పత్రిక హెల్మెట్ ఎంపికపై బొమ్మలతో ఒక పూర్తి పేజీ వేయాలి. పోలీసు అధికారులు తనిఖీ చేసేచోట మెత్తలు తీసిన రెండు హెల్మెట్లను, గాలి పారేదాన్నీ పారనిదాన్నీ, పక్కపక్కన పెట్టి చూపించాలి. దుకాణదారులు హెల్మెట్ బరువు తూచి చూపడానికి చిన్న కాటా ఒకటి ఉంచి, కొనేవారిని పది నిమిషాలు పెట్టుకుని చూడనివ్వాలి. మా బావమరిదికి ఈసారి హెల్మెట్ అలాగే కొన్నాం. ఈ వేసవిలో అతను దాన్ని దారి మధ్యలో ఒక్కసారి కూడా తీయలేదు.

ఇట్లు,
ఒక విత్తన కంపెనీ ప్రతినిధి,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.