పురుడు రాకముందే ఒక మాట

ఒరేయ్ సూరీ,

పై నెలలో తండ్రివి కాబోతున్నావని తెలిసి మా అమ్మ అప్పుడే మినుములు వేయించేస్తోంది, సున్నుండలకి. నాకు మాత్రం ఒక టెన్షన్ పట్టుకుంది. విసుక్కోకుండా చదువు.

మా చిన్నాన్న కూతుర్ని రాజోలు ఇచ్చాం, గుర్తుందిగా? మేనరికమే. దానికి కొడుకు పుట్టాడు, నిక్షేపంలా ఉన్నాడు. వారం తిరక్కుండానే పాలు మానేశాడు. కాసేపు ఒళ్లంతా వేలాడేస్తాడు, కాసేపు విల్లులా వెనక్కి బిగుసుకుపోతాడు. దిష్టన్నారు, తాయెత్తు కట్టారు. ఉచ్చగుడ్డలు ఉతుకుతూ మా పిన్నే అంది, "ఇదేం వాసనే, పాకం మాడినట్టు?" అని. కాకినాడలో పిల్లల డాక్టరు ఆ మాట వినగానే రక్తపరీక్షకు పంపారు. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజట, అంటే ఉచ్చ మేపుల్ చెట్టు పాకంలా వాసన కొట్టే జబ్బు.

పాలలోని మాంసకృత్తుల్లో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అని మూడు పదార్థాలుంటాయి. వాటిని అరాయించే ఎంజైమ్ వాడికి పుట్టుకతోనే పనిచేయదు. లాకు తలుపు బిగుసుకుపోతే కాలవ గట్టు పొర్లినట్టు, లూసిన్ రక్తంలో పెరిగిపోయి మెదడు మీద పడుతుంది. మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి. కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ ద్వారా తల్లి ఒళ్లే ఆ పని చేసిపెడుతుంది కాబట్టి పుట్టగానే ఏమీ తెలియదు. పాలు పట్టడం మొదలయ్యాకే అసలు గొడవ.

ఇలాంటివి చాలా ఉన్నాయిరా. 1934లో నార్వేలో ఒకావిడ తన ఇద్దరు పిల్లలకీ బుద్ధి ఎందుకు ఎదగడం లేదో తేల్చమని డాక్టర్ ఫోలింగ్‌ని పట్టుకుంది. ఆయన ఆ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఆకుపచ్చగా మారింది. అలా బయటపడిందే ఫినైల్‌కీటోన్యూరియా, అదీ మాంసకృత్తుల్లోని ఒక పదార్థం అరక్క మెదడుని దెబ్బతీసే జబ్బే. తర్వాత 1960ల్లో గత్రీ అనే అమెరికా డాక్టరు, మడమ నుంచి తీసిన రక్తపు చుక్కని కాగితం మీద ఆరబెట్టి పసికందుల్లోనే దాన్ని కనిపెట్టే పద్ధతి తెచ్చాడు. తొలి రోజుల్లోనే తిండి మారిస్తే ఆ పిల్లలు మామూలుగా చదువుకుంటారు. ఆలస్యమైతే దెబ్బతిన్న మెదడు వెనక్కి రాదు.

మావాడికి ఇప్పుడు ప్రత్యేకమైన పాలపొడి, తల్లిపాలు కొలిచి కొంచెం. ప్రాణం దక్కింది గానీ మెడ ఇంకా నిలబడలేదు.

నువ్వూ మేనమామ కూతుర్నే చేసుకున్నావు కదా. తల్లిదండ్రులిద్దరిలోనూ అదే లోపమున్న జన్యువు ఉంటే, ప్రతి కాన్పుకీ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. బయటి సంబంధాల్లోనూ వస్తుంది, కానీ ఒకే రక్తమైతే రెండువైపులా అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. "మా తాతల నుంచీ మేనరికాలే, ఏమైంది?" అంటారు మీ నాన్నగారు. పురిట్లో పోయిన పిల్లల లెక్క ఎవరు రాసిపెట్టారు చెప్పు?

అందుకని ఇప్పుడే మీ డాక్టరమ్మని అడుగు, పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ రక్తం తీస్తారా, ఏ ల్యాబుకి పంపుతారు, రిపోర్టు ఎప్పుడొస్తుంది అని. డిశ్చార్జి హడావిడిలో మర్చిపోతారు, నువ్వే గుర్తుచెయ్యాలి. చెల్లెమ్మతో ఈ వివరాలన్నీ ఇప్పుడే చెప్పి భయపెట్టకు, పరీక్ష సంగతి చెబితే చాలు. సున్నుండలు ఆదివారం బస్సులో పంపిస్తాను.

నీ
సత్తిబాబు